అభ్యాస గ్రామసభ

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీ స్థానములలో మూడవ వంతుకు తక్కువ కాకుండ స్త్రీలకు కేటాయించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో నేడు ఆ భాగము సగము. స్థానము చట్టము వలన లభించును గాని, సభలో నోరు విప్పు ధైర్యము అట్లు లభింపదు. సభ్యురాలు కూర్చుండియుండగా ఆమె భర్త మాటలాడు పంచాయతీలు ఇంకను కలవు.

ఈ లోటు తీర్చుటకు ఉపన్యాసముల కంటె అభ్యాస గ్రామసభ మేలు. పది పన్నెండుగురు వలయముగా కూర్చుండవలెను. ఒకరు సర్పంచి, ఒకరు కార్యదర్శి, తక్కినవారు గ్రామస్థులు. చర్చకు ఊరిలో నిజముగా తేలని విషయమునే తీసికొనవలెను. ఎగువ వీధికి మంచినీరు ఎక్కదు. దిగువ వీధిలో మురుగు నిలుచును. ఉన్న సొమ్ము ఒక్క పనికే చాలును అనుకొందము. సర్పంచిగా కూర్చున్నామె తన అభిప్రాయమును చివరకు గాని చెప్పరాదు. ప్రతివారి మాట విన్న పిమ్మట, “మీరనునది ఇదియే కదా?” అని తన మాటలలో తిరిగి చెప్పవలెను. వారు కాదన్నచో మరల వినవలెను. ఈ నియమమే మిక్కిలి కష్టము. విన్నదానికి తమ తీర్పును కూడ కలిపి చెప్పువారే ఎక్కువ!

తరువాత ఎగువ వీధివారిచే దిగువ వీధి పక్షమున మాటలాడింపవలెను. నవ్వులు పుట్టును, పుట్టనిండు. ఎన్నడును పలుకని సభ్యురాలికి మొదట తీర్మానము చదువు పని ఈయవలెను. చదువు రానిచో విని అప్పగింపవచ్చును.

భర్తలను పిలువవచ్చునా? తప్పక పిలువవలెను. గ్రామస్థుల వరుసలో కూర్చుండబెట్టి, వంతు వచ్చిన పిమ్మటనే మాటలాడనీయవలెను.