ఎయిర్ గన్ కొనేముందు ఒక్కమాట, చెల్లీ!

చలికాలం వస్తే సౌదీలోని మన హాయిల్లో పిల్లలు గడప దాటరు. మీవాడు పండక్కి కొన్న ప్లాస్టిక్ బీబీ తుపాకీతో హాల్లో ఖాళీ పెప్సీ డబ్బాలు పడగొడుతున్నాడనీ, ఇప్పుడు అసలు ఎయిర్ గన్నే కావాలని అలిగి కూర్చున్నాడనీ అన్నావు కదూ? వాణ్ని తిట్టకు. ఎయిర్ గన్ షూటింగ్ ఒలింపిక్స్‌లో ఉన్న ఆటే.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ సంగతే చూడు. 2005లో పుట్టింది. తొమ్మిదేళ్లకే పిస్టల్ పట్టింది. ఏటా మన హాయిల్ ఎడారిలో కార్ల ర్యాలీ చూస్తాం కదా, వాళ్ల నాన్న సచిన్ సింగ్ కూడా ఒకప్పుడు ర్యాలీ డ్రైవరే. కూతురి కోసం ఇంట్లోనే కాగితం టార్గెట్లు పెట్టి రేంజ్ తయారుచేశాడు. 2018లో, పదమూడేళ్లకే ఆ పిల్ల మను భాకర్, హీనా సిద్ధు లాంటి పేరున్న షూటర్లను దాటి జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది.

ఇందులో బలం పనేమీ లేదు చెల్లీ. ఎయిర్ గన్ పోటీలో దూరం పది మీటర్లు. పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, రైఫిల్‌కైతే అర మిల్లీమీటరు చుక్క. డెబ్బై అయిదు నిమిషాల్లో అరవై గుళ్లు కొట్టాలి. సూదిలో దారం ఎక్కించేప్పుడు మనం ఊపిరి బిగబట్టమూ? ఇక్కడా అంతే: ఊపిరి కొంచెం వదిలి, ఆపి, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కాలి. పేరున్న షూటర్లు కూడా గుండు లేకుండా ఉత్త పిస్టల్‌తోనే గంటలకొద్దీ సాధన చేస్తారు.

ఇంట్లో జాగ్రత్తలు చెబుతా, విను. బొమ్మ తుపాకీలోని ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండైనా కంటికి తగిలితే ప్రమాదమే. ఆడేవాడికీ, చూసేవాళ్లకీ కళ్లద్దాలు ఉండాల్సిందే. ఆ పెప్సీ డబ్బాలు తీసెయ్. పాత బట్టలు కుక్కిన అట్టపెట్టెకు కాగితం అంటించు. దాని వెనక తలుపుగానీ కిటికీగానీ ఉండకూడదు. ఉక్కు బీబీలైతే ఇంట్లోకే రానివ్వకు, గట్టి గోడకు తగిలితే వెనక్కి ఎగిరొస్తాయి. రేంజ్‌లో వాడే పెల్లెట్లు సీసంవి, 4.5 మిల్లీమీటర్లుంటాయి. అవి ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోకూడదు. ఖాళీగా ఉన్నా సరే, తుపాకీని మనిషివైపు తిప్పాడంటే ఆ రోజుకి ఆట బంద్.

ఇక అసలు సంగతి. మన దేశంలో 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ దాటని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. '2016 ఆయుధ నియమాలు' చెప్పేది అదే. ఆ ధీమా ఇక్కడ సౌదీలో చెల్లదు. అనుమతి లేకుండా ఎయిర్ గన్‌తో వేటకెళ్లినవాళ్లను పర్యావరణ భద్రతా దళాలు పట్టుకున్నాయన్న వార్త ఇక్కడి పేపర్లలో కనబడుతూనే ఉంటుంది. ఇకామా (నివాస అనుమతి) మీద బతికేవాళ్లం, మనకెందుకమ్మా ఆ తలనొప్పి? ఊరి నుంచి వచ్చేటప్పుడు సామాన్లలో పెట్టి తెమ్మని మీ తమ్ముడికి చెప్పే ఆలోచనుంటే ఇప్పుడే మానుకో. ఇస్తిరాహాకు (విశ్రాంతి విడిదికి) వెళ్లినప్పుడు పిల్లలు పావురాలమీదకి గురిపెడుతుంటే నవ్వి ఊరుకోకు.

మరి వాడి సరదా ఎలా తీరుతుందంటావా? ఇంట్లో బొమ్మ తుపాకీతోనే నిలబడే తీరు, ఊపిరి, ఓపిక నేర్చుకోనీ. కొట్టిన ప్రతి కాగితం మీదా తేదీ వేసి దాచమను. వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు కోచ్ ఉన్న షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లు, మీ పాపను కూడా. కోచ్ పక్కన నిలబడి పట్టుకునే ఎయిర్ గన్ చాలు, హాయిల్లో మాత్రం కొనొద్దు.