ఆరాధన ఎవరికి? నాంపల్లిలో చదువుకుంటున్న మనవరాలికి ఒక లేఖ



బిడ్డా, నీ ఉత్తరం అందింది. యూత్ మీటింగులో ఒకరు "ముస్లిములు మొక్కే దేవుడు వేరు, మన దేవుడు వేరు" అని గట్టిగా అన్నారని, ఇంకొకరు "అందరి దేవుడూ ఒక్కడే, ఈ చర్చ ఎందుకు" అని కొట్టిపారేశారని రాశావు. హాస్టల్లో నీ పక్కగది అమ్మాయి తెల్లవారక ముందే లేచి నమాజు చేసుకుంటుంటే, ఆ ప్రార్థన ఎక్కడికి చేరుతుందో ఆలోచిస్తూ నిద్రపట్టడం లేదన్నావు. బైబిలు తరగతుల్లో చేరిన మొదటి ఏడాదే ఇలాంటి ప్రశ్న రావడం నాకు సంతోషం. నా జవాబు ముందే చెప్పేస్తాను. క్రైస్తవులూ ముస్లిములూ ఆరాధిస్తున్నది ఒకే దేవుణ్ణి. ఆయన ఎలాంటివాడు, మనుషుల కోసం ఏం చేశాడు అనే దగ్గర మాత్రం పెద్ద తేడా ఉంది. ఆ తేడాను దాచిపెట్టేవాళ్ల మాటా నమ్మకు, దాన్ని చూపించి పక్కవాళ్లను విగ్రహారాధకుల్లో కలిపేసేవాళ్ల మాటా నమ్మకు.

ఈ వాదానికి నీ హాస్టల్ చుట్టుపక్కలే పాత చరిత్ర ఉంది.   ఆబిడ్స్ నుంచి లోపలికి తిరిగే చిరాగ్ అలీ లేన్ ఉంది చూడు, దానికి పేరిచ్చిన మౌల్వీ చిరాగ్ అలీ (1844–1895) నిజాం ప్రభుత్వంలో ఆర్థిక శాఖ కార్యదర్శి, అలీగఢ్ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు సన్నిహితుడు. ముస్లిం పాలనలో సంస్కరణలు సాధ్యం కావని మాల్కమ్ మెకాల్ అనే బ్రిటిష్ పాదిరి రాస్తే, చిరాగ్ అలీ కోపంతో ఊరుకోలేదు. 1883లో ఒక పుస్తకమే రాసి జవాబిచ్చాడు. సర్ సయ్యద్ అయితే 1860లలో బైబిలుకే వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. ఆదికాండం తెరిచి ఒక ముస్లిం పండితుడు శ్రద్ధగా వ్యాఖ్యానం రాశాడంటే, ఆ గ్రంథంలో మాట్లాడుతున్నది పరాయి దేవుడని ఆయన అనుకోలేదన్నమాట.

స్టేషన్ రోడ్డు, అదే చిరాగ్ అలీ లేన్ పరిసరాల్లో చాలా ఏళ్లు హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ నడిచింది. తరవాత శివరాంపల్లికి మారింది. ఆ పేరు ఎవరిదో తెలుసుకో. హెన్రీ మార్టిన్ 1806లో ఈస్టిండియా కంపెనీ చాప్లెయిన్‌గా మన దేశానికి వచ్చాడు. కొత్త నిబంధనను ఉర్దూలోకి తెచ్చాడు. ఆ తరవాత షీరాజ్ వెళ్లి, మీర్జా సయ్యద్ అలీ అనే ముస్లిం పండితుడి సాయంతో పారశీకంలోకి తెచ్చాడు. 1812లో, ముప్పై ఒకటో ఏట, తుర్కీలోని తోకాత్‌లో చనిపోయాడు. పగలంతా వాదించుకున్న మనుషులే కూర్చుని సువార్తను మాట మాటగా పారశీకంలో పెట్టారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన పేరిట 1930లో లాహోర్‌లో మొదలైన సంస్థ మొదటి ఉద్దేశం ముస్లిముల మధ్య పనిచేసే క్రైస్తవ బోధకులకు ఇస్లాం నేర్పడం. ఉత్తరాదిన ఊళ్లు మారి 1970ల మొదట్లో హైదరాబాదు చేరేసరికి దాని చూపు మారుతూ వచ్చింది. 1990 డిసెంబరు హిందూ ముస్లిం అల్లర్లలో ఈ నగరంలో ఎంతమంది చనిపోయారో మీ నాన్నను అడుగు, చెబుతాడు. ఆ అల్లర్ల తరవాత ఆ సంస్థ పాతబస్తీలోకి వెళ్లి, హిందూ ముస్లిం కుటుంబాలు పక్కపక్కన ఉండే బస్తీల్లో ఆడవాళ్లతో, పిల్లలతో పని మొదలుపెట్టింది. పండితుల చర్చగా మొదలైన విషయం చివరికి ఏ గడప ముందుకు వెళ్తుందో అక్కడ కనిపిస్తుంది.

ఇక గ్రంథాల దగ్గరికి వద్దాం. ముందు ఖురాన్ ఏమంటుందో చూడు. నీ స్నేహితురాలికి దాని గురించి నీకంటే ఎక్కువ తెలుసు కాబట్టి నువ్వు తప్పు చెబితే వెంటనే పట్టుకుంటుంది. 29వ సూరా (అధ్యాయం) 46వ ఆయత్ (వచనం)లో గ్రంథప్రజలతో, అంటే యూదులతో క్రైస్తవులతో, ఎలా మాట్లాడాలో ఉంది. మీ దేవుడు, మా దేవుడు ఒక్కడేనని వాళ్లతో చెప్పమని ఆ ఆయత్ భావం. 5వ సూరా 5వ ఆయత్ గ్రంథప్రజల ఆహారం ముస్లిములకు హలాల్ అంటుంది, వాళ్ల స్త్రీలను పెళ్లి చేసుకోవచ్చంటుంది. బహుదేవతారాధకులను పెళ్లాడవద్దని 2వ సూరా 221 చెబుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదువు. క్రైస్తవుడు వేరే దేవుణ్ణి కొలుస్తున్నాడని ఖురాన్ లెక్కగట్టి ఉంటే ఇలాంటి తేడా చూపించేది కాదు.

అంతటితో ఆగితే సగం చెప్పినట్టవుతుంది. అదే 5వ సూరాలో 73వ ఆయత్, దేవుడు ముగ్గురిలో ఒకడనేవాళ్లను అవిశ్వాసులంటుంది. 4వ సూరా 171 "ముగ్గురు" అనే మాటే వద్దంటుంది. ఈసా, అంటే యేసు, సిలువ మీద చనిపోయాడన్నదాన్ని అదే సూరా 157వ ఆయత్ ఒప్పుకోదు. ఇవి కఠినమైన మాటలు, మెత్తబరచడం కుదరదు. కానీ ఓపిగ్గా చదివితే ఒక సంగతి బయటపడుతుంది. దేవుడికి భార్య లేదు, మరి కొడుకు ఎలా ఉంటాడని 6వ సూరా 101 అడుగుతుంది. నన్నూ నా తల్లినీ దేవుళ్లుగా చేసుకోండని నువ్వు చెప్పావా అని ఈసాను అల్లాహ్ అడిగినట్టు 5వ సూరా 116లో ఉంది. భార్య ద్వారా కుమారుణ్ణి కన్న దేవుడూ, మరియమ్మతో కలిపి ముగ్గురూ అనే నమ్మకాన్ని సంఘం ఏనాడూ బోధించలేదు. క్రీ.శ. 325లో నికయలో కూడిన సభ కుమారుడు తండ్రితో ఒకే స్వభావం కలవాడని తీర్మానించింది గాని, ఇద్దరు దేవుళ్లున్నారని అనలేదు. కాబట్టి ఖురాన్ కాదన్నదాంట్లో కొంత మనమూ కాదంటాం. మిగిలినది, దేవుడే శరీరధారి అయ్యాడన్నది, సిలువ, పునరుత్థానం, వీటి దగ్గరే అసలు విభేదం.

ఇక్కడ మన తప్పు ఒకటి చెప్పాలి. మన సంఘాల్లో త్రిత్వాన్ని బోధించే తీరు వింటే ముగ్గురు దేవుళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. పక్కింటి ముస్లిం చెవిన పడేది ఆ మాటే. త్రియేకుడంటే ఒక్క దేవుడేనని మన నోట స్పష్టంగా రాకపోతే, అది షిర్క్, అంటే దేవుడికి సాటి కల్పించడం, అని వాళ్లనడంలో వింతేముంది?

ఇప్పుడు మీ మీటింగులో మొదటి వ్యక్తి ఎత్తిన అభ్యంతరానికి వద్దాం. దాన్ని తేలిగ్గా తీసుకోకు. దేవుడు నిత్యమూ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అయితే, కుమారుణ్ణి కాదన్నవాడు ఆ దేవుణ్ణే ఎలా కొలిచినట్టు? యోహాను మొదటి పత్రిక 2వ అధ్యాయం 23వ వచనం కుమారుణ్ణి ఒప్పుకోనివాడికి తండ్రి లేడని చెబుతుంది. దీన్ని ఆధారంగా పెట్టుకుని "వేరే దేవుడు" అనేవాళ్లలో భక్తిపరులున్నారు, చదువుకున్నవాళ్లున్నారు. 2015 డిసెంబరులో అమెరికాలో వీటన్ కళాశాల అనే సువార్తిక విద్యాసంస్థలో లరీసియా హాకిన్స్ అనే అధ్యాపకురాలు, ముస్లిములకు తోడుగా తలకు ముసుగు వేసుకుని, మనమూ వాళ్లూ ఒకే దేవుణ్ణి ఆరాధిస్తామని రాసింది. ఆమెను సెలవుపై పంపారు. కొద్ది నెలల్లో ఆమె ఆ కళాశాల విడిచింది. అంత దూరం వెళ్లింది గొడవ.

కానీ ఆ వాదం నిలబడాలంటే యూదుల సంగతి కూడా తేల్చాలి కదా! యూదులు త్రిత్వాన్ని ఒప్పుకోరు, యేసును కుమారుడని ఒప్పుకోరు. అయినా వాళ్లు కొలిచేది వేరే దేవుణ్ణని సంఘం చెప్పలేదు. రెండో శతాబ్దంలో మార్కియోను అనేవాడు పాతనిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. సంఘం అతణ్ణి వెలివేసింది. దావీదు రాజు, యెషయా ప్రవక్త నికయ సభ మాట ఎరుగరు. వాళ్లు మొరపెట్టుకున్నది ఎవరికి? త్రిత్వం తెలియకపోవడమే దేవుణ్ణి మార్చేసే కారణమైతే పాతనిబంధన మొత్తం మన చేతుల్లోంచి జారిపోతుంది. "యూదులు ఈ సంగతి వెల్లడి కాకముందువాళ్లు, ముస్లిములు తెలిసి కాదన్నవాళ్లు" అని కొందరంటారు. యేసు కాలం తరవాతి యూదులూ తెలిసి కాదన్నవాళ్లేగా?

ఈ ప్రశ్నకు నాకు దారి చూపింది యోహాను సువార్త 4వ అధ్యాయం. సమరయులు మోషే ఐదు పుస్తకాలే ఒప్పుకున్నారు. యెరూషలేమును వదిలి గెరిజీము కొండ మీద ఆరాధించారు. యూదులు వాళ్లతో పొత్తు పెట్టుకోలేదు. ఆ అధ్యాయంలోని సమరయ స్త్రీ ఎక్కడ ఆరాధించాలని అడిగితే యేసు తేడా దాచలేదు, మీరు తెలియనిదాన్ని ఆరాధిస్తున్నారని ముఖం మీదే చెప్పాడు. అయితే నీ దేవుడు అబద్ధం, నువ్వు మొక్కింది మరొకడికి అని మాత్రం అనలేదు. తండ్రిని ఆత్మతో సత్యంతో ఆరాధించే కాలం వచ్చిందని చెప్పి, ఆ మాటల్లోకే ఆమెను పిలిచాడు. ఏథెన్సులో పౌలూ అదే చేశాడు. అక్కడ తెలియబడని దేవుడికి కట్టిన బలిపీఠం చూపించి, మీరు తెలియక భక్తి చూపుతున్నవాణ్ణే నేను మీకు ప్రకటిస్తున్నానన్నాడు. గ్రీకుల బలిపీఠానికే పౌలు అంత మర్యాద ఇచ్చాడే, అబ్రాహాము దేవుణ్ణి పేరు పెట్టి పిలిచే ముస్లింకు మనం అంతకంటే తక్కువ ఇస్తామా?

ఒక్క పోలిక చెప్పి ముందుకు పోతాను. ఒకే తండ్రి గురించి ఇద్దరు బిడ్డలు తగవులాడుకోవచ్చు. నాన్న కఠినుడని ఒకరు, నాన్న మన కోసం అప్పుల్లో మునిగాడని ఒకరు. తగవు ఉందంటేనే మాట్లాడుతున్నది ఒకే మనిషి గురించి అని అర్థం. దేవుడికి కుమారుడు లేడని ముస్లిం మనతో వాదిస్తున్నాడంటే, లోకాన్ని సృష్టించిన, ఇబ్రాహీమును పిలిచిన, మూసాతో మాట్లాడిన వాడి గురించే ఇద్దరం మాట్లాడుతున్నామని తను నమ్ముతున్నాడు. లేకపోతే ఆ వాదం పుట్టేదే కాదు.

పెద్ద సంఘాలు దీన్ని ఆలోచించి చెప్పాయి. 1076లో ఏడో గ్రెగొరీ పోపు ఉత్తర ఆఫ్రికాలోని ఒక ముస్లిం పాలకుడికి రాసిన ఉత్తరంలో మనిద్దరం వేర్వేరు తీరుల్లో ఒకే దేవుణ్ణి నమ్ముతామన్నాడు. క్రూసేడ్లు ఇంకా మొదలుకాని కాలమది. గన్‌ఫౌండ్రీలో నువ్వు చూసిన సెయింట్ జోసెఫ్ కేథడ్రల్ వాళ్లకు, అంటే కాథలిక్కులకు, 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ సభ ఇచ్చిన పత్రం ముస్లిములు ఏకైక దేవుణ్ణి ఆరాధిస్తారని, యేసును దేవుడిగా ఒప్పుకోకపోయినా ప్రవక్తగా గౌరవిస్తారని, ఆయన తల్లిని సన్మానిస్తారని చెబుతుంది. ఒప్పుకోరు అన్న మాటను ఆ పత్రం మింగెయ్యలేదు. నాకు అదే నచ్చింది. 2007లో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ నాయకులకు బహిరంగ లేఖ రాసి, దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి ప్రేమించడం రెండు మతాలకూ ఉమ్మడి అన్నారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. నాంపల్లిలో యూసుఫైన్ దర్గాకు గురువారం పూట వెళ్తే అన్ని మతాలవాళ్లూ కనిపిస్తారు. అది చూసి అందరి నమ్మకం ఒకటే అని తేల్చెయ్యకు. సమాధుల దగ్గర మొక్కుకోవడం తౌహీద్‌కు, అంటే దేవుడి ఏకత్వానికి, విరుద్ధమని చెప్పే ముస్లిములు ఆ పక్క మసీదులోనే ఉంటారు. కేథడ్రల్‌లో మరియమ్మ ముందు వెలిగించిన కొవ్వొత్తులు చూసి మన త్రిత్వ సిద్ధాంతం ఇదేనని ఎవరైనా అంటే నువ్వు ఒప్పుకుంటావా? జనం భక్తిని గౌరవంగా చూడు, సిద్ధాంతం మాత్రం గ్రంథాల్లో వెతుక్కో.

మరి ఆ అమ్మాయి తెల్లవారుజామున చేసే ప్రార్థన ఎక్కడికి చేరుతుందన్నావు. సృష్టికర్తకే చేరుతుంది, వినేది ఆయనే. రక్షణ ఎలా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు నా జవాబు యేసుక్రీస్తే. ఆ మాట నీ స్నేహితురాలి ముందు కూడా సిగ్గుపడకుండా చెప్పు, అలాగే తన నమ్మకం చెప్పినప్పుడు మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా విను. వాట్సాప్‌లో వచ్చే కరపత్రాలు పట్టుకుని ఎవరితోనూ వాదించకు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ తెలుగు ఖురాన్ దొరికితే కొనుక్కో. 19వ సూరా మర్యమ్ ముందు చదివి, పక్కన లూకా 1వ అధ్యాయం పెట్టుకో. రెంటిలో ఎక్కడ కలిశాయి, ఎక్కడ విడిపోయాయి అన్నది నోట్‌బుక్‌లో రాసి ఆ అమ్మాయికి చూపించు, తను దిద్దినవి కూడా చేర్చు. క్రిస్మస్ సెలవుల్లో మెదక్ వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ మరిచిపోకుండా పట్టుకురా. వీలైతే ఆ అమ్మాయిని కూడా వెంట తీసుకురా.

ఇట్లు,
నీ తాత