బ్యాంకూ మానకు, బొమ్మలూ మానకు

చిరంజీవి స్వాతికి,

నీ ఉత్తరం అందింది. బ్యాంకు ఉద్యోగం మానేసి కథలకూ, పిల్లల పుస్తకాలకూ బొమ్మలు వేసుకుంటానని రాశావు. పంపిన బొమ్మలన్నీ రెండుసార్లు చూశాను. నీ గీతలో జీవం ఉంది తల్లీ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఉద్యోగం ఇప్పుడే మానకు. నీ దగ్గర ఉన్నవి మంచి బొమ్మలే గాని, అవింకా పోర్ట్‌ఫోలియో కాలేదు. నెమలి ఒకటి, చార్మినార్ ఒకటి, వినాయకుడు ఒకటి, సినిమా నటుడి ముఖం ఒకటి. వీటిని చూస్తే నీకు చెయ్యి తిరిగిందని ప్రచురణకర్తకు అర్థమవుతుంది. పుస్తకం చేతికిస్తే చివరిదాకా నిలబడి పూర్తిచేస్తావా అన్నది మాత్రం తెలియదు. కొత్తవాళ్ల బొమ్మలు చూసి ఎంపిక చేసే కుర్చీలో నేనూ కూర్చున్నాను. అక్కడ వెతికేది ఆ రెండోదాన్నే.

ఎవరో పని ఇచ్చేదాకా ఆగకు, నీకు నువ్వే ఇచ్చుకో. గురజాడ 'దిద్దుబాటు' తీసుకో. 1910 నాటి కథ, ఆయన 1915లోనే పోయారు, హక్కుల చిక్కు లేదు. దానికి నాలుగు బొమ్మలు వెయ్యి. కథలో రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనపడదు, ఉత్తరం కనపడుతుంది. కమలిని మంచం కిందే ఉందని కథ చివర్లోగాని తెలియదు. కాబట్టి మంచం ముందునుంచీ బొమ్మలో ఉండాలి, చూసేవాళ్ల కన్ను మాత్రం దానిమీద ఆగకూడదు. దీపం వెలుగు ఎటు పడాలి, దుప్పటి అంచు ఎంతవరకు దిగాలి అన్నవన్నీ నువ్వే తేల్చుకోవాలి. గోపాలరావు ముఖం నాలుగింటిలోనూ ఒక్క మనిషిదే అయి ఉండాలి. ఈ నాలుగు బొమ్మలు నీ నలభై విడి బొమ్మలకంటే ఎక్కువ మాట్లాడతాయి.

ఆ తర్వాత ఒక పిల్లల కథ పట్టుకో. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో రచయిత పేరు చెప్పి వాడుకోదగ్గ కథలున్నాయి. పుస్తకం మొత్తం పేజీలవారీగా చిన్న గళ్లలో గీసుకుని, అందులో మూడు నాలుగు జంట పేజీలు పూర్తిగా రంగుల్లో వెయ్యి. పేజీలు కలిసే మడత దగ్గర ముఖాలు పెట్టకు, కుట్టులో పోతాయి. కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా ఉంచు. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు పంక్తికన్నా చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లీషు పుస్తకాలు చూసి ఖాళీ వదిలితే మన మాటలు బొమ్మమీదికి ఎక్కుతాయి. తెరమీద మెరిసే ఆకుపచ్చ అచ్చులో మందగిస్తుంది. ఒకసారి ప్రింటు తీయించి చూసుకోకుండా ఏ బొమ్మనూ పూర్తయిందనుకోకు.

ఇక తీరిక సంగతి. సాయంత్రం క్యాష్ సరిచూసి ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక ఉండదని నాకు తెలుసు. ఆ పూట పెద్ద పని పెట్టుకోకు, పెన్సిలుతో అరగంట చాలు. రంగుల పని రెండో శనివారం, నాలుగో శనివారం సెలవులకు అట్టిపెట్టు. ఆ పగళ్లను పెళ్లిళ్లకీ, షాపింగులకీ వదలకు. ఇంట్లో ముందే చెప్పెయ్. మార్చిలో బ్యాంకు లెక్కలు ముగించే పని ఉంటుంది, ఆ నెలలో ఎవరికీ గడువు ఒప్పుకోకు.

బ్యాంకు నీ బొమ్మలకు అడ్డమని రాశావు. నేను ఒప్పుకోను. నవంబరులో జీవన ప్రమాణ పత్రం కోసం వచ్చే పెన్షనర్లను చూడు. వేలిముద్ర వేశాక ఆ సిరా వేలిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక గాలిలో పట్టుకుని నిలబడే పెద్దాయన నీకు రోజూ కనపడతాడు. స్టూడియోలో కూర్చున్నవాళ్లకు కనపడడు. ఫోటోలు మాత్రం తీయకు, ఇంటికొచ్చి జ్ఞాపకం మీద గియ్యి. అవతలివాళ్ల మర్యాద కాపాడే బాధ్యత మనదే.

ఇంకో మాట. బొమ్మలకు డబ్బు పుచ్చుకునే ముందు మీ సర్వీసు నిబంధనలు చదువు. బయటి ఆదాయానికి అనుమతి కావాలంటే రాతపూర్వకంగా తీసుకో. పేరు మార్చుకుని దొంగచాటుగా వెయ్యకు.

ఉద్యోగం చేస్తే కళ చచ్చిపోతుందన్న మాట నమ్మకు. జయదేవ్ గారు మద్రాసులో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతూనే తెలుగువాళ్లందరికీ తెలిసిన కార్టూనిస్టు అయ్యారు. డాక్టర్ కేశవరెడ్డి గారు కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూనే 'అతడు అడవిని జయించాడు' రాశారు. జీతం ఉన్నవాళ్లు నచ్చని పనిని కాదనగలరు, కుదరని ధరకు ఒప్పుకోకుండా ఉండగలరు. చేయి ఇంకా కుదురుకుంటున్న ఈ వయసులో నీకు ఆ స్వేచ్ఛ చాలా అవసరం.

పన్నెండో పదిహేనో బొమ్మలు చాలు, అన్నీ నువ్వు ఎలాంటి పని కోరుకుంటున్నావో ఆ పనివే కావాలి. ముందు 'దిద్దుబాటు' పూర్తిచేసి నాకు పంపు. బాగాలేనిచోట బాగాలేదనే చెబుతాను, బాగుంటే నాకు తెలిసిన ప్రచురణకర్తల దగ్గరికి నేనే వెంటపెట్టుకుని వెళతాను. వాళ్ల నుంచి పని వరసగా రావడం మొదలయ్యాక ఉద్యోగం సంగతి ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. ఈ శనివారమే మొదలుపెట్టమ్మా.

ఇట్లు,
నీ మేలు కోరే
అత్త