రేడియో ముల్లు ఎందుకు కదల్లేదు?

 

మా తాత తునికాకు కోసిన డబ్బులతో కొన్న రేడియో మా ఇంట్లో ఉంది. బ్యాటరీలతో పలుకుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అప్పుడు మా ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. తాత రేడియో పెడితే బుస్సుమంది గానీ స్టేషన్ తగల్లేదు. నాబ్ ఎంత తిప్పినా ముల్లు కదల్లేదు. నీళ్లు ఎందాకా వచ్చాయో తెలీక రాత్రంతా మేలుకునే ఉన్నాం. ఈ వేసవి సెలవుల్లో దాన్ని విప్పాను. నేర్చుకున్నది రాస్తున్నాను.

ముల్లు ఎలా కదులుతుంది?

నాబ్ ఇరుసుకి ఒక దారం రెండు మూడు చుట్లు చుట్టి ఉంటుంది. అది చిన్న కప్పీల మీదుగా పోయి పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. ముల్లు ఆ దారానికే తగిలించి ఉంటుంది. చక్రం వెనకాల గ్యాంగ్ కండెన్సర్ ఉంటుంది. దాన్లో కొన్ని రేకులు కదలవు, కొన్ని తిరుగుతాయి. తిరిగే రేకులు వాటి మధ్యలోకి పూర్తిగా దూరితే తక్కువ పౌనఃపున్యం స్టేషన్లు, బయటికొస్తే ఎక్కువ పౌనఃపున్యం స్టేషన్లు తగులుతాయి.

విజయవాడ స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది. అది 837 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుందని తాత డయల్ మీద పెన్సిల్ గీత పెట్టుకున్నాడు. అంటే సెకనుకి 8,37,000 కంపనాలు. రేడియో తరంగం సెకనుకి 30 కోట్ల మీటర్లు పోతుంది. భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 358 మీటర్లు.

సామాను ఎక్కడ దొరికింది?

మా రేడియోలో దారం తెగింది, ఒక కప్పీ పగిలింది, స్ప్రింగు తుప్పుపట్టి విరిగింది. భద్రాచలంలో అడిగితే "ఇలాంటివి కొత్తవి రావడం లేదమ్మా" అన్నారు. ఉన్నవాటితో చేసి చూశాను.

1. కుట్టు దారం: సాగిపోయి వదులైంది.
2. గాలం దారం: గట్టిదే, కానీ నున్నగా ఉండి ఇరుసు మీద జారింది.
3. పెన్ను స్ప్రింగు: అది నొక్కుడికి పనికొచ్చేది. దారం బిగువుగా ఉండాలంటే లాగే స్ప్రింగు కావాలి.

చివరికి ఒక షాపు బాబాయి అటక మీంచి చెడిపోయిన రేడియో తీసిచ్చాడు. అది పలకదు. ఐనా దాన్లో దారం, కప్పీ, స్ప్రింగు మూడూ బాగున్నాయి!

మీరు చేస్తే గుర్తుంచుకోండి

దారం పోయే దారిని ముందే బొమ్మ గీసుకోండి. నేను గీసుకోలేదు, మూడు రోజులు పట్టింది. రేకులు వంచకండి. వాటిని పూర్తిగా లోపలికి తిప్పి, ముల్లుని డయల్ మీద తక్కువ అంకె దగ్గర తగిలించండి. కరెంటు రేడియోని పెద్దవాళ్లు లేకుండా విప్పొద్దు.

ఆ రాత్రి పెన్సిల్ గీత దగ్గర తెలుగు మాట వినబడింది. తాత ఏమీ అనలేదు, మంచం రేడియో పక్కకి జరుపుకున్నాడు.

మిత్రులారా! చెడిపోయిన రేడియోల్ని పాత సామాన్లకి వెయ్యకండి. దసరా సెలవుల నుంచి వచ్చేటప్పుడు తెండి. పనికొచ్చే సామాను ఒక డబ్బాలో దాచుదాం. దానికి ఒక అర ఇప్పించమని వార్డెన్ మేడం గారిని కోరుతున్నాను. గోదావరి మళ్లీ పొంగే లోపల మన ఊళ్లల్లో రేడియోలు పలకాలి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని