జట్టులో పేరు పడిందా? బాధ్యతలు ఇవీ...

నిర్మల్ జిల్లాలో ఏటా స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీల వేళ కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్ల ఎంపికలు జోరందుకుంటాయి. అండర్-14, 17, 19 విభాగాలుంటాయి. మండలంలో రాణించినవారు జిల్లాకు, అక్కడినుంచి రాష్ట్ర, జాతీయ స్థాయికి వెళ్తారు. జాబితాలో పేరు కనబడితే ఇంటిల్లిపాదికీ సంబరమే. ఆ రోజు నుంచి మీ ఆట మీ ఒక్కరిది కాదు. ఈ మాట మనసుకు పట్టిన పిల్లలే పై స్థాయికి ఎదుగుతారు.

మీ వంతు కోసం సిద్ధంగా ఉండాలి

కబడ్డీ జట్టులో 12 మంది ఉంటే బరిలో దిగేది ఏడుగురే. రెయిడర్‌కు 30 సెకన్ల వ్యవధి. అతను ఎదుటి ఆటగాడిని ఔట్ చేస్తే, ఔటై బయట కూర్చున్న తోటి ఆటగాడు మళ్లీ లోపలికి వస్తాడు. ఖోఖోలో ఎనిమిది మంది వరుసలో కూర్చుంటే ఒకరే తరుముతారు. ఖో అందకముందే లేస్తే ఫౌల్. కాబట్టి కూర్చుని కనిపెట్టుకుని ఉండటమూ ఆటే. రిజర్వులో పెట్టారని చిన్నబుచ్చుకుని ప్రాక్టీసు ఎగ్గొట్టవద్దు. ఒకరికి కాలు బెణికితే క్షణాల్లో దిగాల్సింది మీరే.

రోజువారీ క్రమశిక్షణ

* వేళకు మైదానంలో ఉండాలి. రాలేకపోతే వ్యాయామ ఉపాధ్యాయుడికి (పీఈటీ) ముందే చెప్పాలి.
* ఖానాపూర్, ముథోల్ వైపు పల్లెల నుంచి బస్సులో వచ్చేవారు సాయంత్రం ప్రాక్టీసు ఎప్పుడు ముగుస్తుందో, ఇంటికి ఎలా చేరతారో తల్లిదండ్రులతో, పీఈటీతో మాట్లాడి ఖాయం చేసుకోవాలి. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.
* నొప్పి, దెబ్బ, జ్వరం దాచవద్దు. జట్టులో చోటు పోతుందనే భయంతో దాస్తే చిన్న గాయమే సీజన్ మొత్తాన్ని మింగుతుంది.
* కబడ్డీ ఆడేవారు గోళ్లు కత్తిరించుకోవాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు. ఇవి నిబంధనలే.
* రిఫరీ నిర్ణయం నచ్చకపోతే కెప్టెన్ మాట్లాడతాడు. మిగతావారు నోరు జారవద్దు. ఓడినా ఎదుటి జట్టుతో చేయి కలిపే రావాలి.

చదువు సంగతి

పోటీలకు వెళ్లిన రోజుల పాఠాలు ఎవరూ తిరిగి చెప్పరు. వెళ్లే ముందే టీచర్లకు చెప్పండి, తిరిగి రాగానే స్నేహితుల నోట్సు రాసుకోండి. పదో తరగతి మార్కులతో ప్రవేశాలు జరిగే బాసర ట్రిపుల్ ఐటీ మన జిల్లాలోనే ఉంది. అక్కడ స్పోర్ట్స్ కేటగిరీ ఉన్నా, మంచి మార్కులు ఉంటే మీ దారి మరింత సులువవుతుంది.

సర్టిఫికెట్లు భద్రం

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రతిభావంతులైన క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. కేంద్ర ప్రభుత్వ కొలువులకు జాతీయ పాఠశాల పోటీల్లో ఆడినవారు ఫారం-4 చూపాలి. కాబట్టి ప్రతి పోటీ సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ స్కూల్ రికార్డుతో సరిపోయాయో లేదో అందిన రోజే చూసుకోండి. వయసు తగ్గించి ఆడవద్దు. దొరికితే మీతోపాటు జట్టుకూ దెబ్బ.

పక్క జిల్లా నిజామాబాద్‌లో బాక్సింగ్ మొదలుపెట్టిన నిఖత్ జరీన్ 2022, 2023ల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024లో రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ కొలువు పొందింది. అందరికీ అంత ఎత్తు దక్కకపోవచ్చు. కానీ చెప్పిన వేళకు రావడం, తోటివారికి అండగా నిలవడం, ఓటమిని ఓర్చుకోవడం ఏ ఉద్యోగంలోనైనా అక్కరకొచ్చే గుణాలే.

ఎంపికైన వెంటనే పీఈటీని మూడు విషయాలు అడగండి: ప్రాక్టీసు వేళలేమిటి, జట్టులో నా పని ఏమిటి, నేను ముందుగా సరిదిద్దుకోవాల్సిన లోపం ఏది? జవాబులు నోట్‌బుక్‌లో రాసుకుని, మర్నాటి ప్రాక్టీసు నుంచే ఆ లోపంపై పని మొదలుపెట్టండి.