పాఠం 9 : వేడినీటి బుగ్గలు – సూరజ్‌కుండ్ యాత్ర

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• వేడినీటి బుగ్గ ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• అక్కడ పాటించవలసిన జాగ్రత్తలు చెప్పగలుగుతారు.

9.1 ప్రయాణం

మీరు జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్‌లో ఉంటున్నారనుకోండి. మీ పేట పక్కన పారే సువర్ణరేఖ నదే రాంచీ దగ్గర 98 మీటర్ల ఎత్తు నుంచి హుండ్రూ జలపాతమై దూకుతుంది. ముందుగా దానిని చూడండి. తరువాత రాంచీ మీదుగా హజారీబాగ్ చేరండి. అక్కడికి సుమారు 70 కి.మీ. దూరంలో, బర్కఠా దగ్గర సూరజ్‌కుండ్ ఉంది. సూర్య, రామ, సీత, లక్ష్మణ, బ్రహ్మ అనే ఐదు కుండాలున్నాయి. మకర సంక్రాంతికి ఇక్కడ పెద్ద తిరునాళ్ళు జరుగుతాయి.

9.2 నీరు ఎందుకు వేడెక్కుతుంది?

సూర్యకుండంలో నీటి వేడి సుమారు 88 డిగ్రీల సెల్సియస్. ఇక్కడ అగ్నిపర్వతం లేదు. మరి ఈ వేడి ఎక్కడిది? వాన నీరు రాతి పగుళ్ళ గుండా లోతుకు దిగుతుంది. భూమి లోపలికి పోయేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. అక్కడ కాగిన నీరు వేరే పగులు గుండా పైకి వస్తుంది.

జపాన్‌లో చాలా బుగ్గలకు అగ్నిపర్వతాలే కారణం. వాటిని అక్కడ ‘ఒన్సెన్’ అంటారు. బెప్పు పట్టణం వీటికి పేరుపొందింది. పల్లెల్లోని బసలలో యాత్రికులు రాత్రి ఉండి స్నానాలు చేస్తారు. ముందు ఒళ్ళు శుభ్రంగా కడుక్కున్న తరువాతే తొట్టిలో దిగుతారు. అందరూ వాడే నీరు మురికి కాకూడదని ఈ నియమం.

9.3 జాగ్రత్తలు

స్నానానికి 40 డిగ్రీల వేడి చాలు. 60 డిగ్రీల నీరు తగిలితే కొద్ది సెకన్లలోనే చర్మం కాలుతుంది. కాబట్టి సూర్యకుండంలో చేయి పెట్టకండి. పిల్లలను అంచుకు పోనివ్వకండి. చల్లారిన నీటితోనే స్నానం చేయండి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగాలి. ఈ నీరు చర్మరోగాలను నయం చేస్తుందని నమ్మేవారున్నారు. స్నానం హాయినిస్తుంది, అంతమాత్రాన వాడుతున్న మందు మానకండి.

9.4 మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. నేల మీద 25 డిగ్రీలుండి, కిలోమీటరుకు 30 డిగ్రీలు పెరిగితే, నీరు 88 డిగ్రీలకు కాగాలంటే ఎంత లోతుకు దిగాలి?
2. సూర్యకుండంలో నేరుగా స్నానం ఎందుకు చేయకూడదు?

జవాబులు
1. 88 – 25 = 63; 63 ÷ 30 = 2.1 కి.మీ. పైకి వచ్చేటప్పుడు నీరు కొంత చల్లారుతుంది కనుక, అసలు లోతు ఇంకా ఎక్కువే ఉండవచ్చు.
2. 9.3 మళ్ళీ చదివి సరిచూసుకోండి.