కట్టెల పొయ్యి: అతివేడి, అరుగుదల, నివారణోపాయములు



నాగలి కర్రు అరిగినచో కమ్మరి యొద్దకు తీసుకొనిపోవుదుము. బండి ఇరుసు కిర్రుమన్నచో కందెన పెట్టుదుము. కాని ఏడాది పొడుగునను మండెడి పొయ్యిని మాత్రము అది కూలువరకు పట్టించుకొనము. వంటగ్యాసు వచ్చిన ఇండ్లలో సైతము స్నానపు నీళ్లకు, ఎడ్లకు ఉలవలు ఉడికించుటకు, పెండ్లి వంటలకు కట్టెల పొయ్యి నేటికిని వెలుగుచున్నది. కావున దానిని గూర్చి తెలిసికొనుట అవసరము.

గత వేసవిలో ఒక గ్రామమునకు పర్యటనకు పోయినపుడు ఒక రైతు ఇంట వంటపాకను చూచితిని. పొగగొట్టము పోయిన పొయ్యి. ఇల్లాలు సంతోషముతో, “ఈ పొయ్యి భలే లాగుతుందండీ, మంట హోరుమంటుంది” అనెను. తలయెత్తి చూచితిని. రేకు గొట్టము తాటాకు కప్పులోనుండి పైకి పోవుచున్నది. ఆకునకు, గొట్టమునకు నడుమ నాలుగు వ్రేళ్ల సందు మాత్రమే. చుట్టును ఆకు నల్లబడినది. మంట చల్లారిన పిమ్మట దానిని చేతితో నలుపగా పొడియై రాలెను. “అమ్మా, ఈ హోరు పొయ్యి బాగుండుటకు గుర్తు కాదు, ఇల్లు కాలుటకు ముందు వచ్చు కేక” అని చెప్పితిని. చాలకాలము వేడి తగిలి మాడిన ఆకుగాని, వెదురుగాని క్రొత్త దానికంటె తక్కువ వేడికే అంటుకొనును. ఆ సాయంకాలమే గొట్టమును విప్పించి, నల్లబడిన ఆకును కోయించి, మరుసటి వారము గోడగుండ బయటకు పెట్టించితిమి.

పొగగొట్టము ఎట్లు లాగును?

వేడి గాలి తేలికయై గొట్టములో పైకి పోవును. ఆ చోటును నింపుటకు పొయ్యి నోటినుండి క్రొత్త గాలి లోనికి వచ్చును. గొట్టము ఎంత వేడెక్కిన అంతగా లాగును. ఎంతగా లాగిన మంట అంతగా రేగును. అదుపు లేనిచో మంట కుండ అడుగున నిలువక గొట్టములోనికి పరుగెత్తును. గొట్టము ఎర్రబడినదనగా మీ కట్టె అన్నము వండుట మాని ఆకాశమును కాచుచున్నదని అర్థము. ఇనుము మసక ఎరుపు రంగు తేలుటకు సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. ఆ వేడిలో ఇనుము పొరలుపొరలుగా పెట్లి రాలును.

అతివేడికి కారణములు

1. ప్రత్తి, కంది, మిరప కట్టెలను మోపులుగా కుక్కుట. ఇవి ఒక్కసారిగా భగ్గుమని మండును. వీనిని కొద్దికొద్దిగా పెట్టవలెను. తుమ్మ, సరుగుడు వంటి గట్టి కట్టెలు నిలకడగా మండును. రెండు మూడు పేళ్లు చాలును.

2. గొట్టము మొదట అడ్డుపలక లేకుండుట. గొట్టములోనికి జొనుపునట్టి రేకు పలకను అమర్చి, మంట అందుకొన్న పిమ్మట సగము మూయవలెను. నిప్పులు ఉన్నంతవరకు పూర్తిగా మూయరాదు. మూసినచో రంగు, వాసన లేని విషవాయువు గదిలో నిండి ప్రాణము తీయవచ్చును.

3. ఊచల క్రింద బూడిద పేరుకొనుట. ఇది చాలమందికి తెలియని సంగతి. నిప్పుల క్రింద ఉన్న ఇనుప ఊచలను క్రిందినుండి వచ్చు చల్లగాలియే కాపాడును. బూడిద ఆ గాలిని ఆపినచో ఊచలు ఎర్రగా కాగి వంగిపోవును. “ఇనుము నాసిరకము” అని అనుకొందుము, తప్పు బూడిదది.

4. ప్లాస్టిక్ సంచులు, పాత గొట్టపు ముక్కలు పొయ్యిలో వేయుట. వీనిలో కొన్నింటి పొగలో ఇనుమును తినివేయు ఆమ్లముండును. అది మన ఊపిరితిత్తులకును చేటు. కొబ్బరి డొక్కలలోను ఉప్పు గుణము ఎక్కువ. వానినే నిత్యము మండించినచో రేకు త్వరగా తుప్పు పట్టును.

పచ్చికట్టెతో మరొక ముప్పు

మంట తగ్గవలెనని పచ్చికట్టె పెట్టరాదు. పచ్చికట్టె బరువులో సగము వరకు నీరే ఉండవచ్చును. అది పొగలు క్రక్కి గొట్టము లోపల జిడ్డు మసిని పట్టించును. ఒకనాడు మంట పెద్దదైనపుడు ఆ మసియే అంటుకొని గొట్టము గర్జించును. అట్లు జరిగినచో నీళ్లు పోయరాదు. కాగిన గొట్టము పగులవచ్చును. పొయ్యి నోటిని రేకుతోను, తడిమన్నుతోను మూసి గాలి ఆపి, ఇంటివారిని బయటకు పంపి, ఇరుగుపొరుగును పిలిచి, కప్పుపై కన్నుంచవలెను. కప్పు అంటుకొన్నచో వెంటనే 101 నంబరుకు అగ్నిమాపక దళమునకు తెలుపవలెను.

పగుళ్లను పూడ్చు విధము

పొయ్యి పగులుటకు ముఖ్య కారణములు రెండు: క్రొత్త పొయ్యిని ఆరకముందే మండించుట, వేడి పొయ్యిపై చన్నీళ్లు చల్లుట. పుట్టమన్నులో ఇసుక, తరిగిన వరిగడ్డి కలిపి, ఒక రాత్రి నానబెట్టి, బాగుగ త్రొక్కవలెను. మొదట పిడికెడు ముద్దను ఆరబెట్టి చూడుడు. పగిలినచో ఇసుక పెంచుడు; పొడి రాలినచో మన్ను పెంచుడు. పొయ్యి పగులును గోకి వెడల్పు చేసి, తడిపి, ఈ మన్నును లోతుగా కూరవలెను. పైపై పూత నిలువదు. నీడన ఆరిన పిమ్మట రెండు మూడు రోజులు చిన్న మంట పెట్టి, తరువాతనే పెద్ద మంట పెట్టవలెను.

గొట్టమును గూర్చి

రేకు గొట్టమునకును తాటాకు, వెదురు, వాసములకును నడుమ కనీసము ఒకటిన్నర అడుగు ఎడముండవలెను. గోడగుండ బయటకు పెట్టుట అన్నిటికంటె మేలు. అప్పుడును చూరునకు అదే ఎడముంచవలెను. గొట్టము కొస కప్పుకంటె మూడడుగుల ఎత్తున ఉండవలెను. పాత ఆస్‌బెస్టాస్ గొట్టములను కోయుట, రాకుట, పగులగొట్టుట తగదు. వాని దుమ్ము క్యాన్సరు కలిగించును.

గుర్తుంచుకొనవలసిన పనులు

దినదినము: పొయ్యి చల్లారిన పిమ్మట ఊచల క్రింది బూడిదను తీయుడు. ప్లాస్టిక్ వేయని పొయ్యి బూడిదైనచో పెంటకుప్పలో కలుపుడు. అందు పొటాషు ఉన్నది.

వారమునకొకసారి: పగుళ్లు చూచి మెత్తుడు.

నెలకొకసారి: పొడవాటి కర్రకు గోనె చుట్టి గొట్టములోని మసిని దులుపుడు.

వానలకు ముందు: రేకును అంతటను తట్టి చూడుడు. పలుచబడిన చోట మోత మారును. ఆ ముక్కను మార్చుడు. ఎండుకట్టెను నీడన పేర్చుకొనుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టర్ ఎస్. పి. రాజుగారు రూపొందించిన పొగలేని పొయ్యి 1953 నాటికే ప్రచారములోనికి వచ్చినది. 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమము మొదలై ఊరూర పొయ్యిలు కట్టించిరి. వానిలో పెక్కు బాగుచేయువారు లేక మూలబడినవి. కట్టించుట ఒకనాటి పని, కాపాడుట ప్రతిదినపు పని. కట్టెలతో వండెడి బడులలోను, అంగన్‌వాడీలలోను పొయ్యిని, గొట్టమును, కప్పును ఒకమారు స్వయముగా చూడుడు.

నేటి రాత్రి వంట ముగిసిన పిమ్మట దీపము పట్టుకొని మీ గొట్టము కప్పును తాకు చోటును పరికించుడు. ఆకు నల్లబడి ఉన్నచో రేపు పొయ్యి వెలిగింపకుడు. ముందుగా గొట్టమును మార్చుకొనుడు.